ఫొటో కింద పేరు వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. నేను ఒడిశా రాష్ట్రం గజపతి జిల్లా పర్లాకిమిడిలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మహేంద్రతనయ దాటితే అవతలి ఒడ్డు పాతపట్నం. మీ పత్రిక ఆ దారినే రోజూ మా ఊరికి వస్తుంది. మా పేట అమ్మవారి సంబరాల కమిటీలో జమాఖర్చులు రాసే పని కొన్నేళ్లుగా నా మెడకు చుట్టుకుంది. కళల మీద ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. అయితే మేళగాళ్లను వెతికి, బయానా ఇచ్చి, పిలిపించి, ఆట అయ్యాక లెక్క తీర్చి పంపేవాడిగా పత్రికల వల్ల వాళ్లకు ఏం ఒరుగుతున్నదో, ఏం ఒరగడం లేదో దగ్గరగా చూసినందువల్ల ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఏడాది చైత్రంలో మా సంబరానికి తప్పెటగుళ్ల బృందాన్ని పిలిచాం. మొత్తం పద్నాలుగు మంది. రొమ్ముకు తప్పెట బిగించి, కాళ్లకు గజ్జెలు కట్టి, రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి ఒంటిగంట దాటేదాకా ఆడారు. గంగమ్మ కథ పాడుతూ గుండ్రంగా తిరిగి, ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి, ఆ ఎత్తులోనూ దెబ్బ తప్పకుండా వాయించారు. రెండు రోజుల తర్వాత ఒక పత్రికలో ఫొటో వచ్చింది. దాని కింద ‘అలరించిన జానపద నృత్యం’ అని రాసి, ముందు వరసలో నిలబడిన ఒక నాయకుడి పేరూ, ఆయన వెంట వచ్చిన నలుగురి పేర్లూ హోదాలతో సహా వేశారు. ఆడినవాళ్లలో ఒక్కరి పేరు లేదు, వాళ్ల ఊరి పేరు లేదు, అది తప్పెటగుళ్లు అన్న మాట సైతం లేదు. బృందానికి గురువైన పెద్దాయన ఆ కాగితాన్ని కత్తిరించి, మడతలు పెట్టి, సంచిలో దాచుకున్నాడు. మిగిలిన సొమ్ము తీసుకోవడానికి వచ్చినప్పుడు దాన్ని నా ముందు విప్పి, ఫొటో అంచు మీద వేలు పెట్టి, “మేస్టారండీ, తప్పెట నాదేనండి, మొఖమే నేదు” అన్నాడు. కోపంగా అనలేదు, నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఫొటో తీసిన విలేకరిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మండలం నుంచి రాసే కంట్రిబ్యూటర్ల కష్టం నాకు తెలుసు. వాళ్లలో ఇద్దరు నా దగ్గర చదువుకున్నవాళ్లే. రాసిన వార్తకు వచ్చేది కొంచెం, తేవలసిన ప్రకటనలు ఎక్కువ, సాయంత్రానికి పంపవలసిన వార్తలు పది. అటువంటివాడు సంబరంలో పది నిమిషాలు నిలబడి, నాయకుడు కనబడేలా ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతే అది అతని నేరం కాదు. ఏ పేరు లేకపోతే ఆఫీసు వార్తను వెనక్కి పంపుతుందో ఆ పేరును అతడు అడిగి రాసుకుంటాడు. నాయకుడి పేరు తప్పు పడితే మర్నాడు ఫోను వస్తుంది. తప్పెట గురువు పేరు లేకపోతే ఏ ఫోనూ రాదు. కనుక నేను అడుగుతున్నది సంపాదకుల బల్ల దగ్గర తీసుకోవలసిన నిర్ణయం: ప్రదర్శన ఫొటో అచ్చు వేస్తే ప్రదర్శించినవారి పేరు, ఊరు, కళారూపం పేరు ఉండాలి, లేకపోతే ఆ ఫొటో వెళ్లకూడదు.

ఇది కొత్త కోరికేమీ కాదు. 1963లో మొదలైన ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం వింటూ పెరిగిన తరం మాది. బుర్రకథ వస్తున్నదంటే కథ ఎవరు చెబుతున్నారో, హాస్యం ఎవరో, రాజకీయం ఎవరో, అంటే ఆ వైపూ ఈ వైపూ నిలబడి డక్కీలు వాయించే ఇద్దరి పేర్లు సైతం, ముందే చెప్పేవారు. జముకు అనే తంతి వాయిద్యం మీద చెప్పే జముకుల కథ అయినా, కోలాటం పాట అయినా అంతే. పేరు చెప్పడం వారికి మర్యాద ఒక్కటే కాదు, పద్ధతి. కళాకారుడికి ఒప్పంద పత్రం వెళ్లేది, శ్రేణి ఉండేది, పారితోషికం చెక్కు రూపంలో వచ్చేది. ఆ కాగితాన్ని పట్టుకుని పక్క ఊరి పెద్దల దగ్గరకు వెళ్లి, ‘రేడియోలో పాడినవాణ్ణి’ అని సంభావన నాలుగు రూపాయలు ఎక్కువ అడిగినవాళ్లను నేను ఎరుగుదును. బుర్రకథ చెప్పే షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చేనాటికి ఆయన పేరు తెలియని తెలుగు పల్లె లేదంటే ఆయన గొంతుతో పాటు ప్రతిసారీ ఆ పేరును పలికిన ప్రసారాలకూ, ఊరూరా గోడలకు అంటించిన కాగితాలకూ అందులో వాటా ఉంది.

పేరు తర్వాత నా రెండో మాట తేదీ గురించి. కళల వార్తలన్నీ ఆట అయిపోయాక వస్తాయి. అయిపోయిన ఆటను చదివి నేనేం చేసుకోవాలి? మా కమిటీలో కుర్రాళ్లు ఏటా డీజే పెడదామంటారు. వాళ్లకు తప్పెటగుళ్లంటే ఏవగింపు ఉండి కాదు. డీజే అతని ఫోను నంబరు ప్రతి కరెంటు స్తంభం మీదా ఉంటుంది, ధర తెలుస్తుంది, గంటలో మాట ఖాయమవుతుంది. తప్పెటగుళ్ల బృందం కావాలంటే ఎవరిని అడగాలి? పోయిన ఏడాది మేం వెతికిన తీరు చెబితే నవ్వుతారు. మా వీధికి పాలు పోసే ఆయన మేనల్లుడికి పిల్లనిచ్చిన ఊళ్లో ఒక బృందం ఉందని తెలిసి, ఇద్దరం బండి మీద కాశీనగరం వైపు వెళ్లి, వాళ్లు పొలానికి వెళ్లారంటే సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చుని మాట్లాడి వచ్చాం. చివరికి వాళ్లకు ఇచ్చింది, అంతకు ముందటేడు డీజేకి పోసినదాంట్లో మూడో వంతు. అంత తక్కువ ఎందుకు అడిగారంటే, ఈ చుట్టుపక్కల మిగతా బృందాలు ఎంత తీసుకుంటున్నాయో వాళ్లకూ తెలియదు.

ఇక్కడ పత్రిక చేయగలిగినంత సాయం ప్రభుత్వం సైతం చేయలేదు. సంక్రాంతి నుంచి వైశాఖం దాకా మా ప్రాంతమంతా సంబరాల కాలం. ఆ నాలుగైదు నెలలు వారానికి ఒక రోజు జిల్లా పుటలో అరచేయంత చోటు ఇచ్చి, రాబోయే వారంలో ఏ ఊళ్లో ఏ ఆట, ఎవరి బృందం, ఎన్ని గంటలకు అని వేస్తే చాలు. ముంబయి, పుణె నగరాల మరాఠీ పత్రికలు చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ ఏ నాటకం ఏ రంగమందిరంలో ఎన్ని గంటలకో రోజూ ఒక పుటలో కనబడుతుంది. దాన్ని చూసి ఇంటిల్లిపాదీ ఆదివారం ఏం చూడాలో నిర్ణయించుకుంటారు. అదే మహారాష్ట్రలో మన తెలుగువాళ్లున్న గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో ఝాడీపట్టి నాటకాలు దీపావళి వెళ్లగానే మొదలై నెలల తరబడి పల్లెపల్లెనా ఆడతాయి, జనం టిక్కెట్టు కొని తెల్లవార్లూ చూస్తారు. మా ఒడిశాలో ఊరూరా తిరిగి నాటకాలాడే జాత్రా కంపెనీలకు ఒడియా పత్రికల్లో ఎంతెంత ప్రకటనలు వస్తాయో మేం చూస్తూనే ఉన్నాం. ఆ కళలు బతికి ఉన్నాయి కాబట్టి పత్రికలు వేస్తున్నాయని ఎవరైనా అనవచ్చు. ఆట ఫలానా రోజున ఉందని తెలియనిదే జనం ఎలా వస్తారని నేను అడుగుతాను. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారి ఘటం ఏ రాత్రి ఏ వీధికి వస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టే వేషాలు కట్టేవాళ్లూ, చూసేవాళ్లూ వేలల్లో ఆ వీధిలో ఉంటారు. అమ్మవారికి పుట్టిల్లు మన తెలుగు నేతవారి దేశిబెహరా వీధి. ఆ సంగతిని తెలుగు పత్రికల్లో చదివిన గుర్తు నాకు చాలా తక్కువ.

దీనికి బదులు మనం చదివేదేమిటి? రెండు రకాల కథనాలు. ఒకటి ‘దీనస్థితిలో కళాకారుడు’. రెండోది సంతాపం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఒక సినిమా పాటలో ఆయన గొంతు వినబడినప్పుడు పత్రికలన్నీ రాశాయి. 2024లో ఆయన హైదరాబాదులో కూలి పనికి వెళ్తున్నారని తెలిసినప్పుడు మళ్లీ అన్నీ రాశాయి. ఆ రెంటికీ మధ్య ఆయన ఫలానా ఊళ్లో ఫలానా రోజు కిన్నెర వాయిస్తున్నారు, వెళ్లి వినండి అన్న వార్త ఒక పాఠకుడిగా నా కంటపడలేదు. అదే 2024లో జూన్ నెలలో డోలి వాయిస్తూ కోయల కథలు చెప్పే సకిని రామచంద్రయ్య గారు, అక్టోబరులో గోండుల గుస్సాడీ నృత్యం నేర్పే గురువు కనకరాజు గారు పోయారు; ఇద్దరూ పద్మశ్రీలే. సంతాప వార్తలు పెద్దవిగానే వచ్చాయి, బాగానే రాశారు. పోయాక అంత చోటు దొరికినప్పుడు, ఉండగా ఆదివారం అనుబంధంలో ఒక పుట ఇచ్చి, సమ్మక్క కథను డోలి మీద ఏ వరసలో చెబుతారో రామచంద్రయ్య గారి చేతే చెప్పించి అచ్చు వేసి ఉంటే ఆ పుట ఇవాళ శిష్యులకు పనికివచ్చేది. దీనస్థితి కథనాల వల్ల ఒకరిద్దరికి సాయం అందుతుందన్న మాట నిజమే, నేను కాదనను. కానీ ఏడుపు వార్తలు మాత్రమే చదివిన తండ్రి తన కొడుకును ఆ విద్యకు పంపడు. మా తప్పెటగుళ్ల గురువుగారి కొడుకు సూరత్‌లో మరమగ్గాల మీద పని చేస్తున్నాడు, గురువుగారే రైలెక్కించారు.

కళాకారుణ్ణి జాలి చూపవలసినవాడిగా చూడడం మానేస్తే మిగిలేది విమర్శ. ఈ మాట అనడానికి కొంత జంకుతున్నాను, ఎందుకంటే మా ఊళ్లో చాలామందికి ఇది నచ్చదు. శుక్రవారం సినిమా విడుదలైతే శనివారం నాటికి మీరు దాని కథ, పాటలు, ఎవరు బాగా చేశారు, ఎక్కడ సాగదీశారు అన్నీ రాస్తారు. అదే గౌరవం జముకుల కథకు ఎందుకు లేదు? ప్రతి జానపద కళా ‘అలరించింది’ అన్న ఒక్క క్రియతో ముగిసిపోతుంది. మొన్న ఒకచోట ఎల్లమ్మ కథ విన్నాను. కథకుడి గొంతు గట్టిది, జముకు తంతి లాగే చెయ్యి ఇంకా గట్టిది, కానీ మధ్యలో జనం లేచిపోతున్నారని సినిమా వరసలో రెండు పాటలు దూర్చాడు, దాంతో శోక ఘట్టానికి రావలసిన బరువు రాలేదు. తప్పెటగుళ్లలో ఇప్పుడు కొన్ని బృందాలు సారంగధర కథను అరగంటకు కుదించి, మిగతా సేపు విన్యాసాలతో సరిపెడుతున్నాయి. మా వైపు వీధి నాటకమైన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టేవాడు పాటను వదిలి హాస్యం మీద పడితే ఆ ఆట చెడుతుందని మా నాన్నగారి కాలం ప్రేక్షకులు ముఖం మీదే అనేవారు, వేషగాళ్లు పడేవారు. తెలిసినవాడు చూస్తున్నాడన్న భయం కళాకారుణ్ణి నిలబెడుతుంది. ఆ భయాన్ని పత్రిక తిరిగి తేగలదు. ఇందుకు పండితులు అక్కర్లేదు, ప్రతి ప్రాంతంలోనూ పది రాత్రులు కూర్చుని చూసి నాలుగు వాక్యాలు రాయగల ఉపాధ్యాయులు, పాత వేషగాళ్లు ఇంకా ఉన్నారు.

సరిహద్దు జిల్లాలవాళ్లకు మరొక చిక్కు ఉంది, అది మీ శ్రీకాకుళం పాఠకులకు తెలిసి ఉండకపోవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. నది అవతలి పాతపట్నం కళాకారుడు ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రం కోసం తంజావూరు వైపు చూడాలి, ఇవతలి పర్లాకిమిడివాడు కోల్‌కతా వైపు చూడాలి. ఇద్దరూ పాడేది ఒకే గంగమ్మ పాట. తెలుగులో రాసుకున్న అర్జీ అక్కడ చదవరు. ఇవతలి పిల్లలు ఒడియా మాధ్యమంలో చదువుకుంటారు కాబట్టి మా గురువుగారి బృందంలో చిన్నవాడు తెలుగు పాటను ఒడియా లిపిలో నోటు పుస్తకంలో రాసుకుని వల్లె వేస్తాడు. వాడికి మీ పత్రిక చదవడం రాదు, వాళ్లమ్మకు వచ్చు, ఆమె చదివి వినిపిస్తుంది. ఒడియా పత్రికలకు మేం తెలుగువాళ్లం, తెలుగు పత్రికలకు మేం ఒడిశావాళ్లం. గంజాం జిల్లాలో ఇప్పటికీ ఆడే ప్రహ్లాద నాటకం తీసుకోండి: అది పందొమ్మిదో శతాబ్దంలో జలంత్ర రాజా రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద వెలసిన ఒడియా రచన, ఆ జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, అందులో సంస్కృత శ్లోకాలూ తెలుగు పద్యాలూ కలిసి నడుస్తాయి. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ ఆడే ఆ ఆటను శ్రీకాకుళం జిల్లాలో ఎంతమంది చూశారు? మీ విలేకరి ఒక్క రాత్రి వెళ్లి చూసి రాస్తే రెండు రాష్ట్రాల పాఠకులకూ కొత్త సంగతి అవుతుంది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మా కొండల్లోని గిరిజనులైన సవరలది. ఏటా ఆగస్టు 29న మీరు గిడుగు రామమూర్తి గారిని తలుచుకుంటారు. ఆయన సవర భాష నేర్చుకున్నదీ, ఆ పాటలూ కథలూ సేకరించినదీ మా ఊరినే ఆధారం చేసుకుని. పర్లాకిమిడిని ఒడిశాలో కలిపిన రోజునే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన విగ్రహానికి దండ వేసిన ఫొటో వస్తుంది. ఆ కొండల మీద ఇవాళ సవర పాట ఎవరు పాడుతున్నారో రాదు. సవరల్లో ఒక శాఖ అయిన లాంజియా సవరల చిత్రకళకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటి గోడ మీద పూర్వుల కోసం, దేవతల కోసం వేసే ఇడితాల్ అది, పూజతో ముడిపడినది. ఇప్పుడు చీరల అంచుల మీదా, హోటళ్ల గోడల మీదా, ఒక్కోసారి పత్రికల పండుగ అనుబంధాల్లో అలంకారంగానూ ఆ బొమ్మలు కనబడుతున్నాయి. వేసినవారి పేరు ఎక్కడా ఉండదు. సంచికకు బొమ్మలు కావాలంటే రాయగడ, గజపతి కొండ ఊళ్లలో వేసేవాళ్లున్నారు, వారి చేత వేయించి, డబ్బు ఇచ్చి, పేరు అచ్చు వేస్తే సరిపోతుంది. మీ ఆస్థాన చిత్రకారుడికి ఇచ్చేదే వారికీ ఇవ్వండి, తక్కువ వద్దు.

చివరగా వీడియోల సంగతి రాయక తప్పదు. ఇప్పుడు ప్రతి పత్రికకూ యూట్యూబ్ ఛానల్ ఉంది. గంటన్నర కథను మొత్తం చిత్రించి పెడతారు, లక్షల మంది చూస్తారు, మధ్యలో ప్రకటనలు వస్తాయి, పాడినవాడికి ఆ సంగతే తెలియదు. ఆయన ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణలు ప్రదర్శకుల హక్కులకు రూపం ఇచ్చాయి, 2012 సవరణలు వాటిని ఇంకా బలపరిచాయి. ఆ చట్టం ప్రకారం ప్రదర్శకుడంటే నటుడు, గాయకుడు మాత్రమే కాదు. మొగ్గలు వేసేవాడు, గారడీ చేసేవాడు, పాములాడించేవాడు సైతం అందులో ఉన్నారు. అనుమతి లేకుండా తన ప్రదర్శనను చిత్రించి వాడుకోవడాన్ని అడ్డుకునే హక్కు, ప్రదర్శన తనదని గుర్తించి చెప్పమని అడిగే హక్కు ఆయనకు ఉన్నాయి. వార్త కోసం చిన్న ముక్క చూపడం వేరు, ఆట మొత్తాన్ని పెట్టి ఆదాయం తీసుకోవడం వేరు. మీ సంస్థ ఒక పేజీ ఒప్పంద పత్రం తెలుగులో, ఒడియాలో తయారు చేసి, చిత్రించే ముందు చదివి వినిపించి, వచ్చిన ఆదాయంలో వాటా రాసి ఇస్తే మిగతా ఛానళ్లు అనుసరించక తప్పదు. వాటా వందల్లో వచ్చినా సరే. మా గురువుగారికి పోయిన ఏడాది ఆట వీడియోను ఎవరో ఫోనులో చూపిస్తే, ఎన్ని లక్షల మంది చూశారన్నది ఆయన అడగలేదు, ‘మా ఊరి పేరు సరిగ్గా రాశారా’ అని మాత్రం అడిగాడు. రాయలేదు.

ఈ చైత్రంలోనూ మా సంబరానికి అదే బృందాన్ని పిలిచాం, బయానా ఇచ్చేశాం. తేదీ, వేళ, మా పేటకు వచ్చే దారి ఈ ఉత్తరంతో జతచేసిన కాగితం మీద ఉన్నాయి. దాని వెనక ఆడబోయే పద్నాలుగు మంది పేర్లు, వారి ఊరి పేరు, వారి అనుమతితోనే, గురువుగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూసి రాశాను. ఒడియాలో చదివిన చిన్నవాడి పేరు పన్నెండోది. దాన్ని వాడే తెలుగులో రాశాడు, అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి, అచ్చు వేసేటప్పుడు చూసుకోగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా